పల్చటి బ్యాక్ కేస్ వేట: ఉగాది నుంచి వానల దాకా ప్రాజెక్టు డైరీ

ఉగాది అయిన వారం

ఫోన్ గెలాక్సీ ఎస్23. బరువు 168 గ్రాములు, మందం 7.6 మిల్లీమీటర్లు, ముందూ వెనకా గొరిల్లా గ్లాస్ విక్టస్ 2, చుట్టూ అల్యూమినియం ఫ్రేమ్. ఒక చేత్తో పట్టుకుని బొటనవేలితో పైదాకా అందుకోగలిగే ఫోన్లు ఇప్పుడు మార్కెట్లో చాలా తక్కువ, అందుకే ఏరికోరి ఇది తీసుకున్నా, ఇప్పుడు దానికి షాపులో ఇచ్చే లావుపాటి పౌచ్ వేస్తే మందం 11 మిల్లీమీటర్లు దాటుతుంది, బరువు 200 గ్రాములకి పోతుంది, ఇంక చిన్న ఫోన్ కొనుక్కుని ఏం లాభం. అలాగని ఉత్తదే వాడదామంటే రెండు వైపులా గాజు, ఒక్కసారి పగిలితే వేలల్లో ఖర్చు. కాబట్టి ఈసారి యూట్యూబ్ రివ్యూలు చూసి కాకుండా నేనే రకరకాల పల్చటి కేసులు తెచ్చి కొలిచి వాడి చూసి తేల్చుకుందామని మొదలుపెట్టా.

ముందుగా రాసుకున్నది ఏంటంటే అసలు కేస్ నుంచి నాకు ఏ పని కావాలి అనేది. జేబులో తాళాలు, బల్ల మీద రాపిడి, వీటివల్ల పడే గీతలు ఒకటి. బల్ల మీద పెట్టినప్పుడు కెమెరా అద్దాలు కింద తగలడం రెండోది. చేతిలోంచి జారి నేల మీద పడటం మూడోది. ఈ మూడూ వేరే వేరే సమస్యలు, కానీ షాపులో ఎవర్ని అడిగినా "ప్రొటెక్షన్ సూపర్ ఉంటది" అని మూడింటికీ కలిపి ఒకటే మాట చెప్తారు. నేను మాత్రం ప్రతి కేస్‌నీ ఈ మూడు పనులకీ విడివిడిగా చూడాలనుకున్నా.

పనిముట్లు: డిజిటల్ వెర్నియర్ కాలిపర్ ఒకటి, గ్రాముల్లో చూపించే చిన్న కాటా ఒకటి. కాలిపర్ లేనివాళ్ళకి ఒక మార్గం ఉంది. ఏటీఎం కార్డు మందం అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 0.76 మిల్లీమీటర్లు, ఏ బ్యాంకుదైనా అంతే. జిరాక్స్ సెంటర్లో వాడే 80 జీఎస్ఎమ్ కాగితం దాదాపు 0.1 మిల్లీమీటరు. ఈ రెండూ ఉంటే కేస్ పక్కన పెట్టి వేలితో తడిమి చూసినా సరే అది 0.4 ఉందా 0.8 ఉందా అనేది బాగానే తెలిసిపోతుంది.

జగదీష్ మార్కెట్

ఆబిడ్స్‌లో జగదీష్ మార్కెట్‌కి వెళ్ళా. హైదరాబాద్‌లో మొబైల్ సామాను కావాలంటే అందరూ చెప్పే చోటు, అక్కడ ఒక్కో షాపు గోడ నిండా కింద నుంచి పైదాకా కేసులే వేలాడుతుంటాయి. షాపులో అబ్బాయి ముందే టీపీయూది, అంటే రబ్బరులా మెత్తగా వంగే ప్లాస్టిక్‌ది తీసి చేతిలో పెట్టాడు, ట్రాన్స్‌పరెంట్‌ది. ఇంకా పల్చగా కావాలి తమ్ముడూ అంటే లోపల్నుంచి ఒక పల్చటి పొగరంగు కేస్ తెచ్చి, "అన్నా, ఇది పెట్టినట్టే తెల్వదు, కానీ కింద పడితే నన్ను అనొద్దు" అన్నాడు. ఆ ఒక్క ముక్క నిజాయితీగా చెప్పినందుకే అతని దగ్గర కొన్నా. అదే షాపులో మా మోడల్ డిస్‌ప్లే డమ్మీ కూడా అడిగి తీసుకున్నా, అంటే షోకేస్‌లో పెట్టే ఉత్త ప్లాస్టిక్ ఫోన్, లోపల ఏమీ ఉండదు కానీ కొలతలు, కెమెరా రింగులు, బటన్లు అన్నీ అసలు ఫోన్‌లానే ఉంటాయి. పాతది, వాళ్ళకి పనికిరానిది, చాలా తక్కువకే ఇచ్చేశాడు. కేసులతో ప్రయోగాలు చెయ్యాలనుకునేవాళ్ళు ముందు సంపాదించాల్సింది ఇదే అని నా అభిప్రాయం, అసలు ఫోన్‌ని రిస్క్‌లో పెట్టకుండా ఎన్ని ఆటలైనా ఆడొచ్చు.

మిగతావి ఆన్‌లైన్‌లో తెప్పించా. మొత్తానికి బల్ల మీద చేరిన రకాలు ఇవి: పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌ది, అంటే పీపీది, జగదీష్ మార్కెట్‌లో కొన్న పొగరంగుదే, డబ్బా మీద 0.35 మిల్లీమీటర్లు అని ఉంది. మామూలు ట్రాన్స్‌పరెంట్ టీపీయూ. అరామిడ్ ఫైబర్‌ది, వీటన్నిటిలో ఖరీదైనది, మంచివి 1500 పైనే ఉంటాయి. ఇంకా మ్యాట్ బ్లాక్ టీపీయూ, వెనక పల్చగా ఉండి పక్కలు కొంచెం మందంగా ఉన్నది.

కొలతలు

పీపీది వెనక 0.37 వచ్చింది, బరువు 4 గ్రాముల పైచిలుకు, చేతిలో ఉన్నట్టే లేదు. ట్రాన్స్‌పరెంట్ టీపీయూ 0.9, 17 గ్రాములు. అరామిడ్ 0.75, అంటే ఇంచుమించు ఏటీఎం కార్డంత, 12 గ్రాములు. మ్యాట్ టీపీయూ వెనక 0.6, పక్కల 1.2, బరువు 13 గ్రాములు.

డబ్బాల మీద రాసేదంతా వెనక మందమే. కానీ ఫోన్ బోర్లా పడినప్పుడు స్క్రీన్‌ని కాపాడేది వెనక భాగం కాదు, స్క్రీన్ చుట్టూ లేచి ఉండే అంచు. ఆ అంచు ఎంత ఎత్తుందో ఏ డబ్బా మీదా కనపడలేదు. దాన్ని కొలవడానికి ఇలా చేశా: ఫోన్‌కి కేస్ వేసి వెల్లకిలా పెట్టి, అడ్డంగా స్టీలు స్కేలు అంచుల మీద ఆనించి, స్కేలుకీ స్క్రీన్‌కీ మధ్య సందులో కాగితం ముక్కలు ఒక్కోటీ దూర్చుకుంటూ పోవాలి, బిగుసుకునేసరికి ఎన్ని ముక్కలు పట్టాయో అన్ని పదోవంతుల మిల్లీమీటర్లు. పీపీకి రెండు ముక్కలు పట్టాయి, అంటే 0.2. ట్రాన్స్‌పరెంట్ టీపీయూకి ఆరు. మ్యాట్‌దానికి ఐదు. అరామిడ్‌కి పొడుగు వైపులా ఒక్క కాగితమే కష్టంగా దూరింది, పైనా కిందా అయితే అంచే లేదు, అక్కడ కేస్ పూర్తిగా ఓపెన్.

ఇంకో సంగతి, మనం అందరం టెంపర్డ్ గ్లాస్ వేస్తాం కదా, మామూలుగా దొరికే టెంపర్డ్ మందం 0.33 మిల్లీమీటర్లు. అది వేశాక పీపీ కేస్ అంచు టెంపర్డ్ కంటే కిందే ఉండిపోతుంది. అంటే ఫోన్ బోర్లా పడితే మొదట నేలకి తగిలేది గ్లాసే. పల్చటి కేస్‌తో టెంపర్డ్ వేసుకునేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోవాలి, అంచు 0.5 అయినా లేకపోతే ఆ అంచు ఉన్నా లేనట్టే. టెంపర్డ్ బదులు పల్చటి ఫిల్మ్ వేసుకుంటే కొంత కలిసొస్తుంది.

కెమెరా రింగు దగ్గర కూడా ఇదే కాగితం పరీక్ష. ఫోన్‌ని గాజు టేబుల్ మీద వెల్లకిలా పెట్టి, పక్క నుంచి కెమెరా కిందకి కాగితం తోస్తే తగలకుండా పోవాలి. పీపీలో కెమెరా చుట్టూ చిన్న గోడలా లేపారు, కాగితం సాఫీగా పోయింది. అరామిడ్‌లో వేరే రింగు అతికించారు, అదీ పాస్. ట్రాన్స్‌పరెంట్ టీపీయూలో మాత్రం రింగు, లెన్సు దాదాపు సమానంగా ఉన్నాయి, కాగితం ఆగిపోయింది. మందంగా ఉన్న కేస్ ఫెయిలై 0.37 ఉన్నది పాసైందంటే వీపు మందానికీ కెమెరాని కాపాడటానికీ నేరుగా లింకు లేదన్నమాట.

బకెట్ నీళ్ళు

ఆన్‌లైన్‌లో వచ్చిన వాటిలో ఇంకో కేస్ ఉంది, దాన్ని పైన లెక్కలో చేర్చలేదు. పేరులో "0.35 పీపీ అల్ట్రా థిన్" అని ఉంది. ముట్టుకుంటేనే అనుమానం వచ్చింది, కాలిపర్ పెడితే 0.6 పైన చూపించింది. మెటీరియల్ కూడా తేడాగా అనిపించి బకెట్ పరీక్ష పెట్టా. పాలీప్రొపిలీన్ సాంద్రత 0.9 దగ్గర ఉంటుంది, నీళ్ళ కంటే తేలిక, కాబట్టి తేలాలి. టీపీయూ 1.1 నుంచి 1.2, పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ 1.2, ఇవి మునగాలి. చెయ్యాల్సిందల్లా ఏంటంటే ముందు కేస్‌ని కాస్త సబ్బునీళ్ళతో తడిపి బుడగలు అంటుకోకుండా చూసుకుని, బకెట్‌లో పూర్తిగా లోపలికి ముంచి వదిలెయ్యాలి. ఊరికే నీళ్ళ మీద పెడితే ఏదైనా తేలొచ్చు, ముంచి వదలడం ముఖ్యం.

జగదీష్ మార్కెట్ పీపీ వదలగానే పైకి లేచొచ్చి అడ్డంగా తేలింది. ఆన్‌లైన్ "పీపీ" అడుగున కూర్చుంది, కదిపినా లేవలేదు. అమ్మినవాళ్ళకి ఫోటోలు పెట్టి రిటర్న్ చేశా, డబ్బులు వెనక్కొచ్చాయి. పీపీ అయితే ఏంటి కాకపోతే ఏంటి అంటారేమో, తేడా ఉంది. పీపీ చాలాసార్లు వంచినా అంత త్వరగా విరగదు, సీసాల మూతలకి ఉండే పల్చటి మడతలు దాంతోనే చేస్తారు, అంత పల్చటి షీట్‌లో కేస్ నిలబడటానికి కారణం అదే. గట్టి పాలీకార్బొనేట్‌ని అంత పల్చగా చేసి పదే పదే తీసి వేస్తుంటే మూలల్లో పగుళ్ళు వస్తాయి.

అరామిడ్ సంగతి

దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే పల్చటి కేస్ అనగానే ఇప్పుడు అందరూ దీనివైపే చూస్తున్నారు, డబ్బు కూడా దీనికే ఎక్కువ పెడుతున్నారు.

అరామిడ్ అంటే కెవ్లార్ కుటుంబం. డ్యుపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే కెమిస్టు 1965లో కనిపెట్టిన పోగు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడేది ఇదే. ఆ జాకెట్ మాట విని ఈ కేస్ వేస్తే ఫోన్ పగలదు అనుకుంటారు. కానీ ఆ పోగు బలం లాగినప్పుడు. లాగితే తెగదు, అదే నొక్కుడుకి అంత బలం ఉండదు. జాకెట్‌లో చాలా పొరలు వేసి, ఆ పోగులన్నీ సాగుతూ బుల్లెట్ శక్తిని పంచుకునేలా చేస్తారు. ఫోన్ కేస్‌లో ఉండేది ఒకటి రెండు పొరల గుడ్డ, రెజిన్ అనే గట్టిపడే జిగురులో అచ్చుపోసింది, అది సాగదు, నలగదు, కాబట్టి దెబ్బ వచ్చింది వచ్చినట్టే ఫోన్‌కి పంపించేస్తుంది. గీతల విషయంలో మాత్రం దీన్ని మించింది నేను చూడలేదు. తాళంచెవితో గట్టిగా రాశా, మరక కూడా పడలేదు.

చాలామంది దీన్ని కార్బన్ ఫైబర్ అంటారు, నల్లటి అల్లిక చూసి. రెండూ వేరు. కార్బన్ ఫైబర్ కరెంటుని పారనిస్తుంది, ఫోన్ వెనక దాన్ని పెడితే సిగ్నల్‌కీ వైర్‌లెస్ ఛార్జింగ్‌కీ అడ్డం. అరామిడ్ కరెంటుని పారనివ్వదు, అందుకే ఫోన్ కేసులకి అది పనికొచ్చింది. అరామిడ్ అసలు రంగు బంగారు పసుపు, మనకి కనపడే నలుపు రంగు వేసింది.

నకిలీవి బోలెడు. ఉత్త టీపీయూ మీద అల్లిక డిజైన్ ప్రింట్ చేసి "అరామిడ్ లుక్", "కార్బన్ స్టైల్" అని అమ్ముతారు, కొన్నిచోట్ల ఆ లుక్ అనే మాట కూడా ఎగిరిపోతుంది. గుర్తుపట్టడానికి కెమెరా రంధ్రం అంచుని ఎండలో పెట్టి దగ్గరగా చూడాలి. అసలైనదానికి అక్కడ కోసిన చోట పోగుల పొరలు సన్నగా కనపడతాయి, నాదాంట్లో భూతద్దం పెడితే ఒకచోట వెంట్రుక కంటే సన్నటి పసుప్పచ్చ నూలుముక్క బయటికి వచ్చి ఉంది, రంగు పట్టని పోగు. ప్రింట్‌దానికి అంచు నున్నగా ఒకటే ప్లాస్టిక్. రెండోది, మూలని పట్టుకుని లాగితే ప్రింట్‌ది సాగుతుంది, అసలైంది సాగదు. మూడోది అల్లిక గీతలు, నిజం గుడ్డని మూల చుట్టూ వంచి అచ్చుపోస్తారు కాబట్టి మూలల్లో గీతలు వంపు తిరుగుతాయి, ప్రింట్‌లో మూల దాకా వచ్చి ఆగిపోతాయి.

కార్బన్ పేపర్

డమ్మీ ఫోన్‌తో చేసిన పరీక్ష ఇది. నేల మీద తెల్ల కాగితం, దాని మీద కార్బన్ పేపర్ తిరగేసి, దాని మీద కేస్ వేసిన డమ్మీని బోర్లా పెట్టి పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కాలి. తెల్ల కాగితం మీద ఎక్కడ మరక పడితే అక్కడ తగిలిందన్నమాట. టీపీయూ రెండిటికీ చుట్టూ దీర్ఘచతురస్రం గీసినట్టు వచ్చింది, మధ్యలో ఏమీ లేదు. పీపీకి చతురస్రం పల్చగా, మధ్యలో అక్కడక్కడా మచ్చలు. అరామిడ్‌కి పొడుగు వైపులా రెండు గీతలు, పైనా కిందా స్క్రీన్ అంచు మచ్చలు స్పష్టంగా.

తర్వాత కాగితం కింద గరుకు ఇసుక కాగితం పెట్టి అదే చేశా, సీసీ రోడ్డు లాంటి నేలకి. ఇప్పుడు అన్నిటికీ మధ్యలో మచ్చలు వచ్చాయి, ఎక్కువ తక్కువలే తేడా. కంకర ముక్క మిల్లీమీటరు ఎత్తు లేచి ఉంటే 0.5 అంచు ఏం చేస్తుంది. ఇంట్లో టైల్స్, గ్రానైట్ మీద అంచు పనిచేస్తుంది, రోడ్డు మీద ఏ పల్చటి కేస్ అంచూ స్క్రీన్‌ని పూర్తిగా కాపాడదు.

కింద పడితే, లెక్క

మీటరు ఎత్తు నుంచి పడితే నేలని తాకేటప్పటికి వేగం సెకనుకి 4.4 మీటర్లు, అంటే గంటకి 16 కిలోమీటర్లు. ఆ వేగం సున్నాకి రావాలి. ఎంత దూరంలో ఆగుతుంది అనేదే మొత్తం కథ. క్యాచ్ పట్టేటప్పుడు చెయ్యి వెనక్కి లాగుతాం చూడండి, కేస్ మూల చెయ్యాల్సింది ఆ పనే, నలుగుతూ ఆగడం. 2 మిల్లీమీటర్లు నలిగితే ఫోన్ మీద సగటున దాని బరువుకి 500 రెట్లు బలం పడుతుంది. అర మిల్లీమీటరే నలిగితే 2000 రెట్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ దాన్నుంచి తప్పించుకునే మార్గం ఏ మెటీరియల్‌కీ లేదు. 0.37 మిల్లీమీటర్ల కేస్ మొత్తం నలిగినా 0.37 కంటే ఎక్కువ నలగలేదు కదా. పల్చటి కేస్ దెబ్బ నుంచి కాపాడుతుంది అని ఎవరైనా చెప్తే ఈ ఒక్క లెక్క వేసి చూసుకోండి చాలు.

అందుకే ఫోన్ కేస్‌లో మందం ఎక్కడైనా పెట్టాలంటే అది మూలల్లోనూ పక్కల్లోనూ పెట్టాలి. పడేటప్పుడు ఫోన్‌లో మొదట నేలకి తగిలేది ఎక్కువగా మూలే, చేతికి లావుగా తెలిసేది మాత్రం వెనక భాగం. వెనక 0.6 ఉంచి, పక్కల 1.2, మూలల్లో వీలైతే 1.5 ఇస్తే చెయ్యి పట్టుకి తేడా రాదు, మూలకి మాత్రం ఎంతో కొంత నలిగే చోటు దొరుకుతుంది. నేను చూసినవాటిలో చాలా కంపెనీలు దీనికి ఉల్టా చేస్తున్నాయి.

డబ్బాల మీద "మిలిటరీ గ్రేడ్" అని ఉంటుంది, దాని గురించీ చదివా. అమెరికా మిలిటరీ ప్రమాణం మిల్ స్టాండర్డ్ 810జీలో 122 సెంటీమీటర్ల నుంచి 26 సార్లు వెయ్యాలి, ఆరు ముఖాలు, పన్నెండు అంచులు, ఎనిమిది మూలలు. కింద కాంక్రీటు, దాని మీద రెండు అంగుళాల ప్లైవుడ్. మొత్తం 26 దెబ్బలూ ఒకే పీస్ తినక్కర్లేదు, ఐదు పీసుల దాకా పంచుకోవచ్చు. పైగా మిలిటరీ వాళ్ళు ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వరు, తయారీదారే పరీక్ష చేసుకుని రాసుకుంటాడు. మన ఇళ్ళలో ఉండేది గ్రానైట్, బయట సీసీ రోడ్డు, ప్లైవుడ్ కాదు.

మే, ఎండలు

ఫోన్ వాడటానికి కంపెనీలు చెప్పే బయటి ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీలు. మేలో హైదరాబాద్‌లో మధ్యాహ్నం 40 దాటుతుంది, బండి మీద మ్యాప్స్ పెట్టుకుని వెళ్తే ఫోన్ కాలిపోతుంది. బ్యాటరీ టెంపరేచర్ చూపించే యాప్ వేసుకుని, ఇంట్లో ఫ్యాన్ కింద వైర్‌లెస్ ఛార్జర్ మీద పెట్టి ఒక్కో కేస్‌తో చూశా. కేస్ లేకుండా పెట్టినదానికీ పీపీకీ తేడా చెప్పుకోదగ్గంత లేదు. అరామిడ్ కూడా దాదాపు అంతే. ట్రాన్స్‌పరెంట్ టీపీయూతో రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించింది, ఛార్జింగ్ కూడా నెమ్మదించింది, వేడెక్కితే ఫోనే ఛార్జింగ్ స్పీడు తగ్గించుకుంటుంది. పల్చటి కేస్‌కి పడిపోవడం విషయంలో దక్కనిది ఇక్కడ దక్కుతుంది. మన ఎండల్లో బ్యాటరీ ఆయుష్షుకి ఇది చిన్న విషయం కాదు అంటాను నేను.

వైర్‌లెస్ మాట వచ్చింది కాబట్టి, వెనక కార్డు పెట్టుకునే అలవాటు. మనవాళ్ళు కేస్ వెనక 500 నోటో, మెట్రో కార్డో, దేవుడి ఫోటోనో పెట్టుకుంటారు, నేనూ అత్యవసరానికి నోటు ఉంచుకునేవాణ్ణి. 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, ఈ ఫోన్ 146.3, కాబట్టి మడత పెట్టక తప్పదు, మడిచి పీపీలో పెడితే వీపు ఉబ్బి మూల ఊడొస్తోంది. మెట్రో కార్డు అయితే అసలు పట్టదు. పట్టినా కార్డు ఉండగా వైర్‌లెస్ ఛార్జర్ మీద పెట్టడం మంచిది కాదు, కార్డు లోపల చిప్పూ యాంటెనా తీగా ఉంటాయి, వేడెక్కి పాడవ్వొచ్చు. నోటుని పర్సులోకి మార్చేశా.

మాగ్నెట్ రింగు ఉన్న పల్చటి కేస్ కూడా చూడమని ఆఫీసులో ఫ్రెండ్ అన్నాడు. యాపిల్ 2020లో ఐఫోన్ 12తో మ్యాగ్‌సేఫ్ తెచ్చింది, అంటే ఛార్జర్ మాగ్నెట్‌తో ఫోన్ వెనక అతుక్కునే పద్ధతి, దాని ఆధారంగానే 2023లో క్యూఐ2 అనే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణం ప్రకటించారు. ఎస్23లో సొంతంగా మాగ్నెట్లు లేవు కాబట్టి రింగు కేస్‌లోనే ఉండాలి, రింగు పట్టాలంటే వీపు మందం పెరగాలి. నా అవసరానికి వదిలేశా.

దుమ్ము

కొన్ని వారాలు పీపీ వేసి ఉంచి తీసి చూస్తే లోపల మూలల్లో, స్పీకర్ పక్కన, బూడిదరంగు దుమ్ము సన్నటి గీతలా పేరుకుంది. వేళ్ళ మధ్య నలిపితే కరకరలాడింది. అది ఇసుకే, ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టితనం మోస్ స్కేల్ మీద 7, ఫోన్ గ్లాసు దాదాపు 6 దగ్గర. అంటే దుమ్ము గ్లాసుని గీస్తుంది, కేస్ లోపల దుమ్ము కదులుతుంటే కేసే ఇసుక కాగితంలా మారుతుంది. వదులుగా ఉన్న గట్టి కేసుల్లో ఇది ఎక్కువ, చుట్టూ అంటుకుని ఉండే మెత్తటి టీపీయూలో తక్కువ, అయినా ఉంటుంది. ఆదివారం కేస్ తీసి మెత్తటి గుడ్డతో ఫోన్, కేస్ లోపలా తుడవడం అలవాటు చేసుకున్నా, రెండు నిమిషాల పని.

నాన్న ఫోన్

నల్గొండ వెళ్ళినప్పుడు ఈ కేసులన్నీ బ్యాగులో ఉన్నాయి, నాన్న ఒక్కోటీ తీసి చూశారు. పీపీది వేళ్ళతో వంచి, "గింత పల్చటిది ఏం ఆగుతది బిడ్డా, మోటరు కాడ ఒంగితె జేబులకెళ్ళి ఫోన్ జారి రాయి మీద పడ్తది" అన్నారు. సరిగ్గా చెప్పారు. నాన్న ఫోన్ ఉండేది చొక్కా జేబులో, రోజుకి ఎన్నిసార్లు వంగుతారో లెక్క లేదు, పడేది టైల్స్ మీద కాదు. ఆయనకి గీతల బాధ లేదు, బరువు బాధ లేదు, పడటం ఒక్కటే సమస్య. ఆయన ఫోన్‌కి మూలల్లో గాలి గదులున్న మందపాటి టీపీయూ, తాడు కట్టుకునే రంధ్రం ఉన్నది తీసుకున్నా, నల్గొండలోనే 120 రూపాయలకి దొరికింది. ఆ రంధ్రానికి మెడతాడు కట్టి జేబులో పెట్టుకుంటున్నారు, వంగినా ఫోన్ వేలాడుతుంది కానీ కింద పడదు. పల్చటి కేస్ మీద ఇంత శ్రద్ధ పెడుతున్న నేనే చెప్తున్నా, ఇలాంటి వాడకానికి పల్చటిది కొనివ్వకండి.

జూన్, వానలు మొదలు

ట్రాన్స్‌పరెంట్ టీపీయూ మీద వేరే పరీక్ష నడుస్తోంది. ఒక సగాన్ని నల్ల టేపుతో కప్పి, రెండో సగం వదిలేసి మేలో బాల్కనీ గోడ మీద ఎండకి పెట్టా. ఇప్పుడు టేపు పీకితే రెండు సగాల మధ్య గీత గీసినట్టు తేడా, ఎండ తగిలిన వైపు పసుపు తిరిగింది. సబ్బు, టూత్‌పేస్ట్, వంటసోడా, అన్నీ రుద్ది చూశా, పోలేదు. పోదు కూడా, అది పైన పట్టిన మురికి కాదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలకి ప్లాస్టిక్ లోపలే మారిపోయింది. ట్రాన్స్‌పరెంట్‌ది కొనేవాళ్ళు ఎప్పటికైనా పసుపు అవుతుందని అనుకునే కొనుక్కోవాలి, నల్లదానికి ఈ బాధ కనపడదు.

ఇంకోటి, వానలో తడిసొచ్చాక ట్రాన్స్‌పరెంట్ కేస్‌కీ గ్లాసుకీ మధ్య తడి చేరి నూనె మరకలా పరుచుకుంటుంది. కొంచెం మంచి రకంలో లోపలి వైపు కంటికి కనపడీ కనపడని చుక్కలు వేసి ఉంటాయి, గ్లాసుకి పూర్తిగా అతుక్కోకుండా. కొనేటప్పుడు లైటుకి పెట్టి వంచి చూస్తే ఆ చుక్కలు తెలుస్తాయి.

పీపీ కేస్ కింద, ఛార్జింగ్ పోర్టు పక్కన సన్నటి వంతెనలా ఉండే భాగం తెల్లబడింది. పీపీని పదే పదే వంచితే అలా తెల్లగా అవుతుంది, ఇంకా తెగలేదు కానీ తీసి వేసేటప్పుడు అక్కడ జాగ్రత్తగా వేలు పెట్టాలి. మూల నుంచి కాకుండా పొడుగు పక్క నుంచి విప్పితే ఆ భాగం మీద ఒత్తిడి పడట్లేదు.

అరామిడ్‌ది అదే ఫోన్ ఉన్న ఆఫీసు ఫ్రెండ్‌కి ఇచ్చా. ఆయన రోజంతా టేబుల్ దగ్గరే, ఫోన్ వైర్‌లెస్ ఛార్జర్ మీదే ఉంటుంది, తాళాల జేబులోనే పెడతాడు, గీతలు పడితే తట్టుకోలేడు. ఆయనకి అది సరిగ్గా సరిపోయింది.

నా ఫోన్‌కి మ్యాట్ బ్లాక్ టీపీయూ ఉంది ఇప్పుడు, వెనక 0.6, పక్కల 1.2, అంచు 0.5. మొత్తం 181 గ్రాములు, మందం 8.7. ముందు వేసిన టెంపర్డ్ తీసేసి పల్చటి ఫిల్మ్ వేయించా, అంచు కాస్త మిగిలింది, కార్బన్ పేపర్ పరీక్షలో మధ్యలో మచ్చ రాలేదు. కెమెరా కింద కాగితం పోతోంది. జీన్స్ జేబులోంచి తీసేటప్పుడు కొంచెం పట్టేస్తోంది, టీపీయూ కాబట్టి, నూలు కూడా అంటుతోంది. పీపీకి ఆ ఇబ్బంది లేదు కానీ చెయ్యి పొడిగా ఉన్నప్పుడు జారుతుంది, నాకు జారేదానికంటే పట్టేసేదే నయం. పీపీని పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ ఉంచుకున్నా, చొక్కా జేబు కిందకి లాగదు. మ్యాట్‌ది ఇంకోటి అదే మోడల్ తీసి పెట్టుకోవాలి, పాత ఫోన్ల కేసులు షాపుల్లో ఏడాదికి మాయమైపోతాయి, ఈసారి ఆబిడ్స్ వెళ్ళినప్పుడు స్కేలూ నాలుగు కాగితం ముక్కలూ జేబులో వేసుకుని వెళ్తా.